ఉప్పునీళ్ళలో ఉల్లిపొర

మొన్నీమధ్య ఒక శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి కూతురు బడి నుంచి వచ్చి, సంచీ ఒక మూలకి గిరాటేసి, సైన్సు నోటుపుస్తకం నా ఒళ్ళో పడేసి, మాటాపలుకూ లేకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది, ఇక్కడే విజయనగరంలో, పెద్ద పేరున్న బడిలో. పుస్తకం తెరిచి చూద్దును గదా, ఒక పేజీ నిండా ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రసిరాతో ఇంటూ మార్కు. ఆ గీతల కింద, నాలుగు రోజుల ముందు మా పెరటి మెట్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఒక కన్ను చికిలించి, నాలుక బయటపెట్టి మరీ ఆ పిల్ల గీసుకున్న ఉల్లిపొర బొమ్మ ఉంది. పక్కన మాస్టారు రాసిన ముక్క, పుస్తకంలో ఉన్నట్టు గీయుము అని. నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా లేవలేదు.

అసలు ఆ బొమ్మ గీయించింది నేనే. అంతకు ముందు వారం వాళ్ళ తరగతిలో కణం నమూనా చేసి తెమ్మన్నారట. చెయ్యడం ఎక్కడ, అందరూ ఒకే ఫ్యాన్సీ షాపులో కొనుక్కొచ్చారు. థర్మోకోల్ బంతిని సగానికి కోసి ఆకుపచ్చ రంగు పూసి, నడుమ కేంద్రకానికో ఎర్ర గోళీ, నీళ్ళసంచీ లాంటి రిక్తికకో నీలం ముద్ద, మైటోకాండ్రియాలకి బఠాణీగింజలు అతికించిన బొమ్మ. తరగతిలో ఉన్నవన్నీ ఒక్క అచ్చులోంచి తీసినట్టున్నాయట, అన్నిటికీ పదికి పది మార్కులు. నువ్వెప్పుడైనా కణాన్ని చూశావుటే అని అడిగితే అదిగో అని ఆ థర్మోకోల్ ముక్కని చూపించింది. మీ బడిలో మైక్రోస్కోపు లేదా అంటే, ఉంది అమ్మమ్మా, ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో ఆటల్లో గెలిచిన కప్పుల పక్కన పెట్టారు అంది. కప్పుల పక్కన! పూజలో పెట్టలేదు, అంతవరకూ నయం.

అప్పుడు అటక మీంచి నా పాత మైక్రోస్కోపు దింపించాను. నేను పనిచేసిన కాలేజీలో పాతవన్నీ పాడైపోయాయని రాసేసి తూకానికి వేసేస్తుంటే, ప్రాణం ఒప్పక ఒకటి అడిగి తెచ్చుకున్నాను. కింద అద్దం ఉంటుంది, కరెంటు అక్కరలేదు, ఎండకేసి తిప్పుకుంటే చాలు. ఎర్ర ఉల్లిపాయ రేకు విరిచి, దాని వీపు మీది పలచటి పొర ఒలిచి, గాజుపలక మీద నీటిబొట్టులో పరిచి చూపించాను. ఆ పిల్ల కన్ను పెట్టి, అమ్మమ్మా ఇటికలు, గులాబీ రంగు ఇటికలు అని కేకేసి, కనబడని మైటోకాండ్రియాలేవీ పెట్టకుండా ఆ ఇటికలే గీసుకుంది. ఆ కేక నేను ఇదివరకు ఒకసారి విన్నాను. అందుకే ఆ ఇంటూ మార్కు చూసినప్పుడు నాకు కనిపించింది మా పిల్ల పుస్తకం ఒక్కటే కాదు.

ముప్పై అయిదేళ్ళు దాటింది. మా ఆయన ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండరు. కామెర్లొచ్చి పోయాడు. చంకలో ఒకరు, చేతిలో ఒకరు ఇద్దరు పిల్లలతో మిగిలిపోతే, పదో తరగతి ప్యాసయ్యానన్న పుణ్యానికి ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఆ కాలేజీ విజయనగరానికి బస్సులో ముప్పావుగంట దూరం. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది ఆ ల్యాబుల సంగతి: ఫార్మలిన్ వాసన, సీసాల్లో తెల్లబారిపోయిన కప్పలు, కాళ్ళు ఎగుడుదిగుడు బల్లలు, గోడ మీద చెదలు తిన్న జీవకణం చార్టు. బీరువా తాళాలు నా కొంగునే ఉండేవి గానీ, తియ్యమనే వరకూ తియ్యకూడదు. అటెండరమ్మ అంటే బల్లలు తుడవాలి, సీసాలు కడగాలి, సారుకి టీ తేవాలి, నోరు మాత్రం మెదపకూడదు.

నాకు మాత్రం ఆ పనంటే ప్రాణంగా ఉండేది. మాది గజపతినగరం పక్క పల్లె. మా నాన్న నార కోసం గోగు పండించేవాడు. గోగు కట్టలు ఊరి పక్క వాగులో, మేం గెడ్డ అంటాం, ఊరేసి, పైన మట్టిపెళ్ళలు బరువు పెట్టి, పదిహేను రోజులో ఇరవై రోజులో ఆగితే, ఆ కంపు ఊరంతా ముక్కులు మూసుకునేది. మొలలోతు నీళ్ళల్లో దిగి నార ఒలిచేవాళ్ళం. తొందరపడి లాగితే బెరడు వదలదు, ఆలస్యం చేస్తే నారే చీకి ముక్కలైపోతుంది. ఎందుకలా అని మా నాన్ననడిగితే నీళ్ళు తినేస్తాయే అనేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు బోటనీ సారు పాఠం చెప్తుంటే నేను వెనక సీసాలు సర్దుతున్నాను. కణానికీ కణానికీ నడుమ జిగురు లాంటి పదార్థం ఉంటుందనీ, అదే వాటిని అతికించి ఉంచుతుందనీ, నారలో ఉండే కణాల గోడలు దళసరిగా ఉంటాయనీ ఆయన చెప్పుకుపోతుంటే నా చేతిలో సీసా ఆగిపోయింది. అయితే మా గెడ్డలో క్రిములు తిన్నది ఆ జిగురన్న మాట. మిగిలింది ఆ దళసరి గోడలన్న మాట. పదేళ్ళపాటు నా చేతులతో ఒలిచినదాని లోపల ఏముందో ఆ రోజు తెలిసింది. ఆ మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి, బీరువా తాళం తీసి, గోగు కాడ బ్లేడుతో పలచగా కోసి, మొదటిసారి మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. కళ్ళంట నీళ్ళొచ్చాయంటే నమ్మండి.

మరి చదువుకునే పిల్లలు చూసేవారా? చూసేవారు కాదు. చూడనిచ్చేవారు కాదు. స్లైడు మీద మూసే పలచటి గాజుముక్కలు, కవర్ స్లిప్పులు, పగులుతాయట, అద్దాల మీద గీతలు పడతాయట. ఏడాది పొడుగునా రికార్డు పుస్తకం నింపడమే ప్రాక్టికల్స్. పై ఏడాది వాళ్ళ రికార్డు తెచ్చుకుని, బొమ్మ కింద కార్బన్ కాగితం పెట్టి గీతల మీద గీతలు దిద్దడం, కొందరైతే గుండుసూదితో పొడిచి చుక్కలు కలపడం. ఆ పై ఏడాది వాళ్ళు అంతకు ముందు వాళ్ళని చూసి దించినవే. ఎప్పుడో మొదట గీసినవాడికి చెయ్యి వణికి కేంద్రకం ఓ పక్కకి వంకర పోతే, ఆ వంకర కూడా తరతరాలకీ వచ్చేసింది. పరీక్షనాడు మైక్రోస్కోపు ముందు నిలబడి, ఒక కన్ను మూసి చూసినట్టు నటించి, వెనక్కొచ్చి బట్టీ పట్టిన బొమ్మ గీసేవాళ్ళు. దాన్ని చదువనేవారు!

ఆ పిల్లల్లో ఒక పిల్ల ఉండేది. సముద్రపు ఒడ్డు పల్లె, వేటకెళ్ళే కుటుంబం. తండ్రి తెప్పల మీద వెళ్ళేవాడు, తల్లి చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్మేది. తెల్లారకుండా లేచి తల్లి గంప రోడ్డు దాకా మోసి, రెండు బస్సులు మారి కాలేజీకి వచ్చేది. వాళ్ళ ఊళ్ళో ఇంటర్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని దాని కోరిక. ఒక్కసారికి మా అమ్మ ఒప్పుకుంది, తప్పితే గంపేనమ్మా అని నవ్వుతూ చెప్పేది. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తినేసి, వరండాలో కూర్చోవడానికి ఇష్టం లేక, నాతో పాటు సింకు దగ్గర నిలబడి స్లైడులు కడిగేది. ఒకనాడు తాళం తీసి ఎర్రుల్లి పొర చూపించాను. అమ్మా గులాబీ ఇటికలు అని కేకేసింది. నేను విన్నానన్న కేక అదే.

ఇంకోనాడు ఆ స్లైడు మీదే ఒక చుక్క ఉప్పునీళ్ళు వేశాను. గోడ గోడలాగే నిలబడింది గానీ, లోపల గోడకి ఆనుకుని ఉన్న గులాబీ సంచీ మెల్లిగా గోడని వదిలి, ముడుచుకుని, నడుమకి వచ్చి ముద్దయిపోయింది. గోడ ఎవరినీ ఆపదే, నీళ్ళు వచ్చినా పోయినా దానికి పట్టదు, లోపలున్న పలచటి పొరే అసలు కాపలా, అది ఉప్పుని లోపలికి రానివ్వదు గానీ బయట ఉప్పెక్కువైతే లోపలి నీళ్ళని పట్టి ఉంచలేదు అని సారు చెప్పగా విన్నదంతా అప్పజెప్పాను. ఆ పిల్ల కన్ను తియ్యకుండానే, మాకు తెల్సు గదమ్మా, సేపకి ఉప్పట్టిస్తే బానలో నీరు కక్కేస్తాది, ఎండలో ఎయ్యకముందే సగం ఎండిపోతాది అంది. ద్రవాభిసరణ అనే మాటని పలకలేక తంటాలు పడే పిల్లలున్న ఆ కాలేజీలో, దాన్ని చేత్తో పట్టుకుని చూసిన పిల్ల అదొక్కతే. దానికి నేను ఒకటే మాట చెప్పేదాన్ని, ఎవరేం గీసినా సరే, నువ్వు మాత్రం కనబడిందే గీయి అని. ఈ మాట చెప్పింది నేనే. దయచేసి గుర్తుపెట్టుకోండి.

పరీక్ష వచ్చింది. బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ సారు వస్తున్నాడంటే మా వాళ్ళకి ఇంటికి కొత్తల్లుడొస్తున్నంత హడావిడి. ఆయన టిఫినేంటి, భోజనమేంటి, ఏ చేప ఇష్టం, ఇదే చర్చ వారం నుంచీ. మీది సముద్రపు ఒడ్డే గదా అని ఆ పిల్లకే పురమాయించారు. పాపం వాళ్ళమ్మ ఆ వేకువ వలలో పడ్డ వంజరం అమ్ముకోకుండా, ఆకుల్లో చుట్టి కూతురి చేతికిచ్చి పంపింది. పరీక్ష రాసే పిల్ల ఒక చేత్తో రికార్డూ ఒక చేత్తో చేపా పట్టుకుని కాలేజీ గేటులో అడుగు పెట్టింది. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆ పొద్దున్న నన్ను వేడి ఇడ్లీ కోసం హోటలుకి తోలారు. తిరిగొచ్చేసరికి ఆలస్యమైంది. కిటికీ పక్క బల్ల మీద మూడు మైక్రోస్కోపులు పెట్టి, మూడింటికీ ఉల్లిపొర పరిచి ఉంచడం నా పని. కవర్ స్లిప్పుల భయంతో అదీ పిల్లల చేత చేయించేవారు కాదు గదా. డ్రాపరు సీసాలు రెండుండేవి, రెండూ ఒకటే రకం, మందుల సీసాలు. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో వేరే ప్రయోగానికి కలిపిన ఉప్పునీళ్ళు. ఏది ఏదో రాసి మైదా జిగురుతో అంటించిన కాగితాలు ఆ రాత్రి బొద్దింకలు తినేశాయి. నేను చూసుకోలేదు. గబగబా ఒక సీసా ఎత్తి మూడు స్లైడుల మీదా చుక్కలు వేసి, గాజు మూసి, పక్కకి తప్పుకున్నాను.

పొద్దుటి బ్యాచిలో ఇరవై మంది. ఇరవై మందీ వరసగా వచ్చి, కన్ను పెట్టి, వెళ్ళి గీశారు. పందొమ్మిది మంది గోడకి ఆనుకున్న పొర, ఓ పక్కకి వంకరగా కేంద్రకం, నిండుగా రిక్తిక ఉన్న అచ్చమైన రికార్డు బొమ్మ గీశారు. అద్దం కింద ఉన్నదేమో ముడుచుకుపోయిన ముద్ద. ఒక్కరంటే ఒక్కరికి అనుమానం రాలేదు, ఎందుకంటే ఒక్కరూ చూడలేదు. ఆ పిల్ల మాత్రం చూసింది. గోడ వేరుగా, లోపల సంచీ ముడుచుకుని నడుమన వేరుగా, మధ్య ఖాళీతో సహా గీసి, కింద రాసింది: ఈ కణాలు ఉప్పునీటిలో ఉన్నట్టున్నవి, లోపలి పొర గోడను వదిలినది.

ఎక్స్‌టర్నల్ సారు ఫ్యాను కింద కుర్చీలోంచి లేవలేదు. కాగితాలు ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆ బొమ్మ చూడగానే మొహం చిట్లించి, రెండేళ్ళు చదివి కణం గీయడం కూడా రాలేదా, చేపలమ్ముకోక ఎందుకొచ్చారు అన్నాడు. ఆ చేప అప్పటికి వంటింట్లో ఉడుకుతోంది. ఆ పిల్ల తల వంచలేదు. ఒకపాలి అందులోకి సూడండి సార్, ఉప్పునీళ్ళేసినట్టున్నారు అంది. కిటికీ బల్ల ఆయన కుర్చీకి ఎంత దూరమో తెలుసా? ఆరడుగులు. ఆరడుగులు నడిచి, వంగి, ఒక కన్ను మూస్తే సరిపోయేది. నాకు నేర్పుతావా అని ఉరిమి, కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రసిరాతో ఇంటూ కొట్టాడు.

ఉప్పునీళ్ళు అనే మాట వినగానే మూల సింకు దగ్గరికెళ్ళి, ఆ సీసాలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. చేదెక్కేంత ఉప్పు. అప్పటికింకా మార్కుల షీటు నింపలేదు. నోరు తెరిచి, అయ్యా తప్పు నాది, ఆ పిల్ల గీసింది నిజం అని అంటే చాలు. అంత మాట అనలేక, వరండాలోకి మా బోటనీ సారుని పిలిచి గుసగుసగా చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. నీకు బుద్ధుందా, ఇప్పుడిది బయటికొస్తే బ్యాచి మొత్తం పరీక్ష రద్దవుతుంది, మిగతా పందొమ్మిది మంది ఏమవుతారు, నీకు ఉద్యోగమిచ్చి ఏడాది కాలేదు, పిల్లల్ని అడుక్కోమంటావా అన్నాడు. పైగా, పందొమ్మిది మందీ సరిగ్గానే గీశారు గదా అన్నాడు. సరిగ్గానే! చూడనిదాన్ని చూసినట్టు గీసినవాళ్ళది సరి, చూసి గీసినదానిది తప్పు.

నేనేం చేశానో చెప్పనా? లోపలికొచ్చి ఆ సీసా సింకులో ఒంపేశాను. కడిగాను. మంచినీళ్ళు నింపి, మధ్యాహ్నం బ్యాచికి కొత్త పొర పరిచాను. తరవాత ఎక్స్‌టర్నల్ సారుకి వంజరం పులుసు వడ్డించాను. పులుసు బాగుంది అన్నాడు.

ఆ పిల్ల ప్రాక్టికల్స్‌లో తప్పింది. మళ్ళీ రాయవచ్చని నోటీసు బోర్డులో పెట్టారు గానీ, ఒక్కసారికే ఒప్పుకున్న తల్లి రెండోసారికి ఒప్పుకోలేదు. నర్సు ట్రైనింగు లేదు, ఏమీ లేదు. ఆ ఏడాది వేసవిలో గంప దాని నెత్తి మీదకి వచ్చిందని దాని తోటి పిల్లలు చెప్పుకోగా విన్నాను. ఆ ఎక్స్‌టర్నల్ సారు ఎన్నో ఏళ్ళు అలాగే ఊరూరా తిరిగి చేపలు తిని ఇంటూలు కొట్టాడు. మా బోటనీ సారు గౌరవంగా రిటైరయ్యాడు. నేనూ అయ్యాను, శాలువా కప్పారు.

కొన్నేళ్ళకి విజయనగరం మార్కెట్టులో ఎండుచేపల వరసలో ఒక మనిషి, అమ్మా బాగున్నావా అని పలకరించింది. ఎండకి నల్లబడి, వొళ్ళు చేసి, చేతులు ఉప్పుకి పగిలిపోయి. కళ్ళు చూసి పోల్చుకున్నాను. అప్పటి నుంచీ నేను ఎండుచేపలు ఇంకెవరి దగ్గరా కొనలేదు. బేరం ఆడలేదు. ఆమె తూచిన తరవాత ఎప్పుడూ ఒక గుప్పెడు నెత్తళ్ళు కొసరు వేసేది. ఆ గుప్పెడు నా సంచీలో పడుతున్నప్పుడల్లా, చెప్పెయ్యి చెప్పెయ్యి అని లోపల ఎవరో పొడిచేవారు. రేపు చెప్దాం అనుకుని వచ్చేసేదాన్ని. అలా ఎన్ని రేపులు గడిచాయో లెక్కలేదు.

ఇదిగో ఇదంతా ఆ శుక్రవారం నోటుపుస్తకంలో కనబడింది నాకు. సోమవారం పొద్దున్నే మైక్రోస్కోపు చీరలో చుట్టుకుని, ఆటో ఎక్కి, మనవరాలిని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. సైన్సు మాస్టారు కుర్రాడు, మర్యాదస్తుడే, మామ్మగారూ కూర్చోండి అన్నాడు. కూర్చోలేదు. కిటికీ దగ్గర ఉల్లిపొర పరిచి, కావాలనే ఉప్పునీళ్ళు వేసి, కాస్సేపాగి, నాయనా దీన్ని చూసి ఒక బొమ్మ గీసిపెట్టు అన్నాను. ఆయన అటు ఒక్క చూపు చూసి, నవ్వుతూ కాగితం మీద రెండు నిమిషాల్లో గీసేశాడు. గోడ, గోడకి ఆనుకుని పొర, నడుమ నిండుగా రిక్తిక, పక్కకి కేంద్రకం. అద్దంలో కన్ను పెట్టలేదు. ఇప్పుడు చూడు అన్నాను. వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఇదేంటండీ, లోపలదంతా ముద్దయిపోయింది అన్నాడు చిన్నగా.

అప్పుడు నా నోటికి తాళం పడలేదు. చూడకుండా గీసిన నువ్వు చూసి గీసిన పిల్లకి ఇంటూ కొడతావా, నీకా అధికారం ఎవరిచ్చారు, ఆ కప్పుల పక్కన పెట్టిన మైక్రోస్కోపుకి దండ వేసి అగరొత్తులు కూడా వెలిగించండి, సరిపోతుంది అని బడి బడంతా వినబడేలా దులిపేశాను. పక్క తరగతి పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఆ కుర్రాడు తల దించుకునే, నిజమే మామ్మగారూ, కానీ పరీక్షలో ఇలా గీస్తే మార్కులు రావండి, పిల్ల నష్టపోతుంది అన్నాడు. ఎలా నష్టపోతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

తిరిగి ఆటోలో వస్తుంటే నా మనవరాలు గర్వంగా నా చెయ్యి పట్టుకుంది. దానికి ఆ పాత కథ సగం చెప్పి ఉన్నాను, ఆ సారు ఇంటూ కొట్టడం దాకా చెప్పి, తరవాతది మింగేశాను. అమ్మమ్మా, అప్పుడు కూడా ఆ సారుని ఇలాగే దులిపేశావా అని అడిగింది. కోట జంక్షన్ దగ్గర ఆటో ఆపించి, పిల్లని అదే ఆటోలో ఇంటికి పంపి, మార్కెట్టుకి నడిచాను.

ఎండుచేపల వరసలో బేరాలు పలచగా ఉన్నాయి. ఆమె గోనె మీద కూర్చుని పండుగప్పలు దులుపుతోంది. ఎదురుగా పీట మీద కూర్చుని, మొదలెట్టాను. సీసాలు, బొద్దింకలు, నాలుక మీద చుక్క, వరండాలో మాటలు, సింకులో ఒంపెయ్యడం, ఏదీ దాచలేదు. ఆమె చేపలు దులపడం ఆపలేదు. అంతా అయ్యాక, తెల్సమ్మా అంది.

తెలుసా అన్నాను.

"మూల సింకు కాడ నువ్వు నాలిక మీద ఏసుకున్నావు, మొకం మాడిపోనాది. సూసినాను గదా. ఇప్పుడు సెప్తాది, ఇప్పుడు సెప్తాది అని నీకేసే సూసుకుంటా కూకున్నాను."

ఆమె తల ఎత్తి, ఇన్నేళ్ళూ నోరెత్తనిదానివి ఇయాళేటి సెప్తన్నావు అని అడిగింది. నా మనవరాలి పుస్తకం సంగతి, ఎర్ర ఇంటూ సంగతి, బడిలో నేను అరిచిన అరుపుల సంగతి చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పానేమో. ఆమె చేతిలో చేప గోనె మీద పెట్టింది.

"అయితే నీ మనవరాలికి ఇంటూ కొడితే గానీ నీకు కోపం రానేదన్నమాట."

ఏడుస్తూ అన్న మాట కాదు, అరుస్తూ అన్న మాటా కాదు. ఇంకో బేరం వచ్చింది, అటు తిరిగింది.

ఇప్పుడు ఆ కాలేజీలో ల్యాబుకి పలకరాళ్ళు వేశారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొద్దింకల మందు కొడుతున్నారట. మా రోజుల్లో చూడకుండా గీసేవారు, ఈ రోజుల్లో గీయకుండా కొంటున్నారు. మా మనవరాలు రెండు బొమ్మలు గీస్తోంది, ఒకటి మార్కుల కోసం బడి పుస్తకంలో, ఇంకోటి కనబడింది కనబడినట్టు వేరే పుస్తకంలో. రెండోదాన్ని నాకు మాత్రమే చూపిస్తుంది. అది తెలివో, మేం నేర్పిన పిరికితనమో నాకు తెలియడం లేదు. మనం, అంటే మన ఈడు వాళ్ళం, ఆరడుగులు నడిచి ఉంటే ఈ పిల్లలకి రెండు పుస్తకాలు ఎందుకు?

వారం వారం నేను ఎండుచేపల వరసకి వెళ్తూనే ఉన్నాను. అమ్మా అనే పిలుస్తుంది, బాగున్నావా అనే అడుగుతుంది. తక్కెడ ముల్లు సరిగ్గా నడుమకి వచ్చేదాకా చూసి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తుంది. కొసరు మాత్రం వెయ్యడం లేదు.